సీలు విప్పని స్పీకర్లు

పడవలపాలెం పురపాలక సంఘం వారు ఒకసారి దోమలకి పొగకొట్టే యంత్రం కొన్నారు. పొగ కొట్టడం తప్ప అది అన్నీ చేసింది. చప్పుడు చేసింది, వేడెక్కింది, ఒక ఉద్యోగి మీసం కాల్చింది. దోమలు దాని చుట్టూ చేరి చలి కాచుకున్నాయి. వెనక్కి తీసుకోవయ్యా అంటే, వాడేసిన సరుకు తీసుకోనన్నాడు అమ్మినవాడు. పై ఆఫీసు నించి తనిఖీకి వచ్చినవారు ఆ యంత్రాన్నీ, మీసం లేని ఉద్యోగినీ చూసి ఒక ఉత్తర్వు రాసి వెళ్ళారు. ఇకమీదట వెనక్కి ఇవ్వడానికి వీల్లేని వస్తువు దేన్నీ ఈ సంఘం కొనకూడదు.

ఉత్తర్వు ఉత్తర్వే కదా. అప్పట్నించి పడవలపాలెంలో ఏది కొన్నా, ఎలా పనిచేస్తుందని అడగడం మానేశారు. ఎలా వెనక్కి వెళుతుందని అడిగేవారు. రోడ్డు గుంతల్లో పొయ్యాల్సిన కంకర కూడా, అవసరమైతే మళ్ళీ ఎత్తి ఇచ్చెయ్యడానికి వీలుగా, గుంత పక్కనే కుప్ప పోయించారు. జనం గుంతని తప్పించుకుని కుప్ప మీద పడేవారు.

అలాంటి రోజుల్లో పురమందిరంలో స్పీకర్లు పోయాయి.

పురమందిరంలో మైకు చూసేవాడు చింతా పోతురాజు. ముప్పై ఏళ్ళ నించి అదే పని. ఆ పాత స్పీకర్ల గొంతు అతనికి ఇంట్లో మనిషి దగ్గులాగా తెలుసు. ఎప్పుడు గరగరలాడుతుందో, ఏ పక్క తడితే సర్దుకుంటుందో అన్నీ తెలుసు. ఒకరోజు ఎవరో పెద్దాయన ఉపన్యాసం మధ్యలో రెండూ ఒకేసారి మూగబోయాయి. పెద్దాయన ఇంకో ముప్పావుగంట మాట్లాడారు. ముందు వరసవారు మామూలుగానే చప్పట్లు కొట్టారు. స్పీకర్లు పోయిన సంగతి పోతురాజుకి తప్ప ఎవరికీ తెలియలేదు.

తెలియకుండా అలాగే గడిచిపోయేదేమో. కాని ఆ ఏడు పురమందిరానికి నూరేళ్ళు నిండుతున్నాయి. ఉత్సవంలో శేషాంబ గారి హరికథ పెట్టారు.

శేషాంబ గారికి ఎనభై ఒకటి. పదమూడో ఏట కాలికి మువ్వలు కట్టి, చేత చిడతలు పట్టి ఈ హాల్లోనే మొదటి కథ చెప్పిందావిడ. ఒకప్పుడు ఆవిడ కథ మొదలెడితే రేవులో పడవవాళ్ళకి వినిపించేదట. ఇప్పుడా గొంతు సన్నబడిపోయింది. ఉన్నంతవరకూ బంగారమే, కాని మూడో వరస దాటదు. ఇదే తన ఆఖరి కథ అని ఆవిడే చెప్పేసింది. ఆ మాట చెప్పిన రోజునే పోతురాజుని ఇంటికి పిలిపించి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూచోబెట్టుకుంది.

"ముందు వరసల సంగతి నాకొదిలెయ్యి నాయనా. వాళ్ళు శాలువా కప్పడానికొస్తారు, కప్పేసి పోతారు. ఆఖరి బెంచీల వాళ్ళున్నారు చూశావూ, చేపల బజారు కట్టేసి తట్టలతో సహా వచ్చి కూచుంటారు. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టింది వాళ్ళే. ఈ ఒక్కసారీ నా గొంతు అక్కడిదాకా వెళ్ళాలి."

"ఎల్తాదండి అమ్మగారు. నాదీ పూచీ," అన్నాడు పోతురాజు.

అనేశాడు గాని, ఎలా వెళుతుందో అతనికి తెలియదు. ఆఖరి బెంచీల వాళ్ళ కష్టం మాత్రం బాగా తెలుసు. కథ మధ్యలో శేషాంబ గారు "శ్రీమద్రమారమణ గోవిందో" అంటే జనమంతా "హరి" అనాలి. ఇటీవల ముందు వరసల్లో చేతులు లేవడం చూసి, ఓహో గోవింద కొట్టినట్టుంది అనుకుని, ఆఖరి బెంచీలు ఒక అర నిమిషం ఆలస్యంగా "హరి" అంటున్నాయి. ఆవిడ ఆ ఆలస్యపు "హరి" విన్నప్పుడల్లా మొహం ఒకవైపుకి తిప్పుకునేది.

అదృష్టమో ఏమో, సరిగ్గా అప్పుడే పై నించి 'నాణ్యమైన శబ్దం' అనే పథకం ఒకటి వచ్చింది. ప్రతి ఊరి పురమందిరంలోనూ మేలురకం స్పీకర్లు ఉండాలి అన్నారు. ఎందుకన్నారో ఎవరూ అడగలేదు. ఊళ్ళో అందరూ ఒక్క వారంలో శబ్దం మీద నిపుణులైపోయారు. మంగలి షాపులో కూడా గడ్డం గీయించుకుంటూ స్పీకర్ల గురించే మాట్లాడుకున్నారు.

పోతురాజు పట్నం వెళ్ళి నాలుగు చోట్ల తిరిగాడు. చివరికి ఇస్మాయిల్ గారని ఒక కళ్ళ డాక్టరు ఇంట్లో ఒక జత చూశాడు. మనిషి ఎత్తు ఉన్నాయి. పై దేశం సరుకు, పదిహేనేళ్ళ పాతవి. డాక్టరు గారు వాటికి ఒక వీణ రికార్డు పెట్టి వినిపించారు. తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినపడింది. ముప్పై ఏళ్ళ నించి గరగర తప్ప ఎరగని పోతురాజు ఇంకోసారి పెట్టమన్నాడు.

అంత మంచివి ఎందుకు అమ్ముతున్నారని అడిగితే డాక్టరు గారు తన చెవులు చూపించారు. రెండేళ్ళ నించి చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడడం లేదట. ఊరికే వాటిని చూస్తూ కూచోవడం వాటికి అన్యాయమనిపించిందట. రెండు వారాలు పట్టుకెళ్ళి మీ హాల్లో పెట్టి వినండి, నచ్చకపోతే తెచ్చెయ్యండి, కాని కొన్న తర్వాత మాత్రం వెనక్కి తేవద్దు, గుండె రాయి చేసుకోవడం ఒకసారే నావల్లవుతుంది అన్నారు.

పోతురాజు ఊరొచ్చి ఈ సంగతంతా కొనుగోళ్ళ కమిటీకి చెప్పాడు. కమిటీ అధ్యక్షులు చక్రధరరావు గారు. ఆయన మంచినీళ్ళు కావాలన్నా ఫైలు భాషలోనే అడిగే మనిషి. కళ్ళు మూసుకుని అంతా విన్నారు. వీణ దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపారు.

"సదరు వస్తువుల శబ్దం గురించి కమిటీకి ఆసక్తి లేదు పోతురాజూ. సదరు వస్తువుల వాపసు గురించి విన్నవించు."

కొన్నాక వాపసు లేదని పోతురాజు ఒప్పుకోవలసి వచ్చింది. అయితే అవి వస్తువులే కావు అన్నారు చక్రధరరావు గారు. మరునాడు కమిటీ మొత్తం పట్నంలో ఒక పెద్ద షాపుకి వెళ్ళి, అక్కడ కొత్తవి ఖాయం చేసింది. కొన్న ముప్పై రోజుల్లోగా ఎప్పుడైనా, కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. ఒకటే షరతు. పెట్టెకి వేసిన సీలు విప్పకూడదు.

అంటే లెక్క ఇలా తేలింది. పాతవి ఎంతసేపైనా వినొచ్చు, కొంటే వెనక్కి ఇవ్వలేం. కొత్తవి కొన్నా వెనక్కి ఇవ్వొచ్చు, వింటే మాత్రం ఇవ్వలేం. చక్రధరరావు గారికి ఇందులో చిక్కేమీ కనబడలేదు.

వారంలో రెండు పెద్ద అట్టపెట్టెలు లారీ దిగాయి. వేదికకి అటొకటి ఇటొకటి నిలబెట్టారు. ముట్టుకోరాదని బోర్డు కట్టారు. సరుకు అందుకునే ముందు నాణ్యత పరీక్ష చెయ్యాలని నిబంధన ఉంది కనక, కమిటీలోని అయిదుగురూ చెప్పులు విడిచి వేదిక ఎక్కి, వంతులవారీగా అట్టకి చెవి ఆనించి విన్నారు. ఒకాయన రెండో పెట్టె మొదటిదానికంటే కాస్త గంభీరంగా ఉందన్నాడు. నివేదికలో ఇలా రాశారు: "పరీక్షా సమయమున గరగర గాని, ఈల గాని, వణుకు గాని, మరే ఇతర లోపము గాని వినరాలేదు. శబ్దము మిక్కిలి స్వచ్ఛముగా నున్నది."

పోతురాజు ఉండబట్టలేక అడిగాడు. "కరెంటు ఇవ్వకపోతే ఎలా పలుకుతాయండి బాబూ?"

"పలుకుట వేరు, ఉండుట వేరు," అన్నారు చక్రధరరావు గారు. "పథకంలో స్పీకర్లు ఉండవలెనని ఉన్నది. ఉన్నవి. పలుకవలెనని ఎచ్చట ఉన్నదో చూపించు."

పోతురాజు వెతికాడు. నిజంగానే అలా ఎక్కడా లేదు.

ముప్పై రోజులు నిండితే వాపసు హక్కు పోతుంది. అందుకని ఇరవై ఎనిమిదో రోజున పెట్టెలు రెండూ లారీ ఎక్కించి షాపుకి పంపి, వాటి బదులు కొత్త పెట్టెలు తెప్పించారు. ఆ తర్వాతి నెల మళ్ళీ అంతే. ఈ పని చూడడానికి వాపసుల విభాగం అని ఒక గది, ఆ గదికి ఒక గుమాస్తా వచ్చారు. పొరుగూళ్ళ సంఘాల వాళ్ళు ఈ పద్ధతి చూసి నేర్చుకోవడానికి బస్సుల్లో వచ్చేవారు. చక్రధరరావు గారు వాళ్ళని వేదిక దగ్గరికి తీసుకెళ్ళి, దూరం నించే సీళ్ళు చూపించేవారు. చూసినవాళ్ళు ఎంత కొత్తగా ఉన్నాయో అని ముక్కుమీద వేలేసుకునేవారు.

ఉత్సవం పది రోజుల్లో ఉందనగా శేషాంబ గారు ఒకసారి వేదిక చూసుకోవడానికి వచ్చింది. పెట్టెల్ని చూసి సంతోషపడింది. ఏదీ, ఒకసారి పలికించు అంది. పోతురాజు తల వంచుకుని, సీలు సంగతి చెప్పాడు. ఆవిడ చిడతలు తీసుకుని, మధ్యలో నిలబడి, తను సొంతంగా కట్టిన వరద కథలోంచి ఒక పాట అందుకుంది. పోతురాజు నడుచుకుంటూ వెనక్కి వెళ్ళాడు. నాలుగో వరస దగ్గర మాట పోయింది. ఏడో వరస దగ్గర రాగం పోయింది. ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ నోరు కదలడం మాత్రం కనబడింది.

అక్కడి నించే చెయ్యి ఊపి బాగా వినపడుతోందన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆవిడతో అతనాడిన అబద్ధం అదొక్కటే. ఆవిడ నమ్మలేదని కూడా అతనికి తెలుసు.

పోతురాజు చదువు నాలుగో తరగతి. అయినా ఆఫీసు గోడకి అంటించిన ఆ ఉత్తర్వు ముందు నిలబడి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. వెనక్కి ఇవ్వలేనిది కొనకూడదు అని ఉంది. అంతే. తెచ్చి వినకూడదని ఎక్కడా లేదు. వినేసి ఇచ్చెయ్యకూడదనీ లేదు. పక్కనే ఉన్న వాపసుల గుమాస్తా, అంతసేపు ఏం చదువుతున్నావయ్యా అని అడిగితే, ఎంత బాగా రాశారోనండి అన్నాడు.

ఉత్సవం రోజు మధ్యాహ్నం ఇస్మాయిల్ గారి స్పీకర్లు చేపల ఐసు మోసే ఆటోలో గోనెపట్టాల కింద వచ్చాయి. నాటకాలవాళ్ళ సింహాసనాలు రెండు సామాన్ల గదిలో పడున్నాయి. పోతురాజు వాటిని పెట్టెల వెనక వేసి, స్పీకర్లని వాటిమీద ఎక్కించాడు. పెట్టెలకంటే జానెడు ఎత్తుగా నిలబడ్డాయి. పైన పల్చటి నల్లగుడ్డ కప్పితే తెరలో తెరగా కలిసిపోయాయి.

సాయంత్రం సభ మొదలైంది. పూలదుకాణం వాడు, మెడలో వెయ్యకపోతే దండ వెనక్కి తీసుకుంటానన్నాడు. అందుకని ముఖ్య అతిథికి దండని రెండు గజాల దూరం నించి చూపించి మళ్ళీ బుట్టలో పెట్టేశారు. శేషాంబ గారికి శాలువా కవరు విప్పకుండానే కప్పారు. అది రెండుసార్లు జారిపోయింది. మూడోసారి జారకుండా ఒక ఉద్యోగి వెనక నిలబడి పట్టుకున్నాడు. ఫొటో అయిపోగానే అతను శాలువాతో సహా వెళ్ళిపోయాడు.

అప్పుడు శేషాంబ గారు మైకు ముందుకి వచ్చింది. చిడత ఒక్కసారి తట్టింది.

ఆ చప్పుడు హాలు వెనక గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఆవిడ ఆగింది. పక్కకి, పెట్టెల వైపు కాదు, వాటి పైన ఉన్న చీకటి వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత కథ అందుకుంది.

వరద కథ. ఊరు మునిగిపోతుంటే, చూరు మీద బిడ్డతో నిలబడిన ఒక తల్లి అవతలొడ్డున ఉన్న పడవ సరంగుని పిలిచే కథ. పెద్ద గొంతు అక్కర్లేదు దానికి. అలిసిపోయిన గొంతే కావాలి. ఆవిడ గొంతులో వణుకు, ఊపిరి తీసుకోవడం, మాట చివర తడి, అన్నీ ఆ హాల్లో ప్రతి మనిషి చెవి పక్కనే ఉన్నట్టు వినపడ్డాయి. "శ్రీమద్రమారమణ గోవిందో" అంది. "హరి" అని ఆఖరి బెంచీలు ముందు అందుకున్నాయి. వాళ్ళని విని ఉలిక్కిపడి ముందు వరసలు తర్వాత అన్నాయి. పోతురాజు మైకు పెట్టె మీద తల వంచేసి, ఏదో సర్దుతున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

మరునాడు ఉదయమే అతను స్పీకర్లు తిరిగి ఇచ్చేసి వచ్చాడు. ఇక్కడితో అయిపోవలసిన కథే. కాని చక్రధరరావు గారు పేపరువాళ్ళని పిలిచి ప్రకటన ఇచ్చారు. సీలు విప్పకుండానే ఇంత శ్రావ్యంగా పలికిన స్పీకర్లు దేశంలో ఇంకెక్కడా లేవన్నారు. అట్టకి చెవి ఆనించినప్పుడే తమకి ఈ సంగతి అర్థమైందన్నారు. ఫొటోతో సహా పడింది.

ఆ నెల ఇరవై ఎనిమిదో రోజున పెట్టెలతో వెళ్ళిన లారీ, అవే పెట్టెలతో తిరిగొచ్చింది. షాపు మేనేజరు చాలా మర్యాదగా ఒక ఉత్తరం పంపాడు. కస్టమరు సంతృప్తే మా ఊపిరి, కాని పేపర్లో చూశాము, ఆరువందల మంది విన్నారట, సీలు ఉన్నా లేకపోయినా విన్నది వాడినట్టే, తీసుకోలేము.

పురపాలక సంఘం కాళ్ళ కింద భూమి కదిలింది. ఇంకో రెండు రోజుల్లో ఆ స్పీకర్లు వెనక్కి ఇవ్వలేని వస్తువులైపోతాయి. అలాంటివి కొనకూడదని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. చక్రధరరావు గారు కమిటీని కూచోబెట్టి, చాలాసేపు ఆలోచించి, దారి కనిపెట్టారు. ఎవరైనా వింటేనే కదా వాడినట్టు. ఆ రోజు ఎవరూ ఏమీ వినలేదని హాజరైన వాళ్ళందరి చేతా రాయించి సంతకాలు పెట్టిస్తే సరి. కాగితాలు అచ్చయ్యాయి. "నేను సదరు సభకు హాజరైతిని గాని, సదరు హరికథను గాని, అందలి ఏ భాగమును గాని వినియుండలేదు."

ఆ కాగితాన్ని పోతురాజు కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. ఆవిడ ఆఖరి కథ ఎవరూ వినలేదని సర్కారు ముద్ర పడబోతోంది. నేరుగా చక్రధరరావు గారి గదిలోకి వెళ్ళి, నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. డాక్టరు గారి స్పీకర్లు, ఆటో, సింహాసనాలు, నల్లగుడ్డ, అన్నీ.

చక్రధరరావు గారు కోప్పడలేదు. జాలిగా చూశారు.

"వాడిన స్పీకర్లు మన హాలులోనికి వచ్చుటకు నిబంధన లేదు పోతురాజూ. కావున రాలేదు. నీకు రిటైర్మెంటు దగ్గరపడింది, విశ్రాంతి తీసుకో."

సంతకాలు జోరుగా సాగాయి. మొదటి వరసవారు అందరూ పెట్టారు. ఒకాయన ఆ సమయంలో ఫోనులో ఉన్నానన్నాడు. ఒకాయన నిద్రపోయానన్నాడు. ముఖ్య అతిథి అసలు కథ ఉందని కూడా తనకి తెలియదని సంతోషంగా రాసిచ్చాడు. అందులో చాలామంది అబద్ధమాడలేదు కూడా. మధ్య వరసల్లో కొందరు నసిగారు. ఇంటి పన్ను గుర్తుచేస్తే పెట్టేశారు. అయిదు వందల డెబ్బై మంది అయ్యారు. మిగిలింది ఆఖరి బెంచీలు.

వాళ్ళ కోసం చక్రధరరావు గారు స్వయంగా చేపల బజారుకి వెళ్ళారు. కాగితాలు మొయ్యమని పోతురాజుని వెంట తీసుకెళ్ళారు. మొదట మల్లాడి నూకరత్నం తట్ట దగ్గర ఆగారు. ఆవిడ ఒక చేత్తో పండుగప్పని పట్టుకుని, ఇంకో చేత్తో పొలుసు గీకుతోంది. కాగితంలో ఏముందని అడిగింది. పోతురాజు చదివి వినిపించాడు. ఆవిడ కత్తి ఆగింది.

"ఇనలేదని రాయాలాండి? నానిన్నాను కదండి."

"వినలేదని పెట్టమ్మా. ఇది కేవలం లాంఛనం. ఇచ్చట తట్ట పెట్టుకొను స్థలం కూడా సంఘం వారిదే అని జ్ఞాపకం చేస్తున్నాను."

నూకరత్నం తట్టని రెండు చేతులా ఎత్తి, బజారు హద్దురాయి దాటి, రోడ్డు అవతల దింపింది. మళ్ళీ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ ఆ తల్లి నోరు చూసి అరి అన్నావండి మేవు. ఆయేళ మాట ఇన్నాం. ఇనలేదని ఎలా సెప్పమంటారు?"

చెప్పి ఊరుకోలేదు. పాడింది. బొంగురు గొంతు, శ్రుతి లేదు, కాని మాట మాటా తెలిసింది.

"అవతలొడ్డు ఎంత దూరం సరంగూ,
నా కేక అందని దూరమా..."

పక్క తట్టామె రెండో చరణం అందుకుంది. ఐసు కొట్టేవాడు సుత్తి దింపి మూడోది అందుకున్నాడు. చక్రధరరావు గారు చేపల మధ్య నిలబడి, చేతిలో కాగితాలతో, వరద కథ మొత్తం విన్నారు. ఆ రోజు సభలో ముందు వరసలో కూచున్నప్పుడు ఆయన వినలేదు. వినలేదని సంతకం కూడా పెట్టి ఉన్నారు.

ఆఖరి బెంచీల్లో ముప్పై ఒక్కమంది. ముప్పై ఒక్కరూ విన్నామనే రాయించారు. రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. రెండు రోజులూ గడిచిపోయాయి. పెట్టెలు వెనక్కి ఇవ్వలేనివయ్యాయి. ఉత్తర్వు ప్రకారం అవి ఉండకూడదు. కాని సీలు విప్పే అధికారం ఎవరికీ ఇవ్వలేదు కనక, ఇప్పటికీ వేదిక మీద అటొకటి ఇటొకటి నిలబడే ఉన్నాయి. చక్రధరరావు గారిని పై ఆఫీసుకి మార్చారు. అక్కడ ఆయన వాపసుల మీద ఉపన్యాసాలు ఇస్తున్నారని చెప్పుకుంటారు. పోతురాజుకి, శబ్దాన్ని అనుమతించినందుకు సంజాయిషీ ఇమ్మని ఒక మెమో వచ్చింది.

ఆ మెమోకి ఒక జాబితా జత చేశారు. ఎవరు విన్నారు, ఎవరు వినలేదు, వరసలవారీగా, ముద్ర వేసి. పోతురాజు మెమోని జేబులో పెట్టుకుని, జాబితా పట్టుకుని శేషాంబ గారింటికి వెళ్ళాడు. ఆవిడ మంచం మీద ఉంది. గొంతు ఇప్పుడు గుసగుసే. చదవమని చెయ్యి ఊపింది.

అతను వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు. మొదటి వరస, వినలేదు. రెండో వరస, వినలేదు. ఆవిడ నవ్వుతూనే ఉంది. అలా ఇరవై రెండు వరసలు అయ్యాయి. చివరికి వచ్చేసరికి పోతురాజు గొంతు సవరించుకున్నాడు.

"ఆఖరి బెంచీలండి అమ్మగారు. మల్లాడి నూకరత్నం, విన్నది. మల్లాడి గంగమ్మ, విన్నది. ఐసు కొట్టే ఏసు, విన్నాడు..."

ముప్పై ఒక్క పేర్లూ అయ్యేదాకా ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. అయిపోయాక నిద్రపోయిందేమో అనుకుని పోతురాజు కాగితం మడతపెట్టబోయాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

"ముందు వరసలొద్దు నాయనా," అంది. "ఆ ఆఖరిది మళ్ళీ చదువు."